లాప్‌టాప్‌లో తెరుచుకునే ఎడిటెడ్ ఫోటోలు టీవీలో ఎందుకు రావు?

మధురవాడ నుంచి అడిగిన చెల్లెమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: వచ్చే ఆదివారం మీ నాన్నగారి షష్టిపూర్తి. పాతవీ కొత్తవీ కలిపి 140 ఫోటోలు లాప్‌టాప్‌లో సరిచేసి పెన్‌డ్రైవ్‌లో వేశారు. కెమెరా నుంచి నేరుగా ఎక్కించినవి టీవీలో చక్కగా వస్తున్నాయి. మీరు ఎడిట్ చేసినవాటిలో మాత్రం కొన్ని నల్లటి తెరగా మిగిలిపోతున్నాయి, కొన్నింటికి ‘ఈ ఫైల్‌కు సపోర్ట్ లేదు’ అని వస్తోంది. అవే ఫోటోలు లాప్‌టాప్‌లో అన్నీ తెరుచుకుంటున్నాయి. టీవీ పాడైందా, పెన్‌డ్రైవ్ పాడైందా, ఇన్నాళ్ల కష్టం పోయిందా అని అడిగారు.

టెన్షన్ పడకండి. కెమెరా ఫోటోలు అదే పెన్‌డ్రైవ్ నుంచి అదే టీవీలో వస్తున్నాయంటే ఆ రెండూ బాగున్నట్టే. ఎడిట్ చేసినవి లాప్‌టాప్‌లో తెరుచుకుంటున్నాయంటే ఫోటోలూ బాగున్నట్టే. తేడా వచ్చింది మీరు సేవ్ చేసిన తీరులో. చాలావరకు ఆ ఫైళ్లు ‘ప్రోగ్రెసివ్’ జేపెగ్‌గా (జేపెగ్ అంటే పేరు చివర జేపీజీ అని ఉండే మామూలు ఫోటో ఫైలు, అందులో ఇదొక రకం) సేవ్ అయి ఉంటాయి. వాటినే ‘బేస్‌లైన్’ అనే రెండో రకం జేపెగ్‌గా, ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) రంగుల్లో, పొడవు వైపు 3840 పిక్సెళ్లకు తగ్గించి మరో కాపీ తీస్తే నూటికి తొంభై మందికి సమస్య అక్కడితో తీరిపోతుంది. 140 ఫోటోలకూ కలిపి అరగంట పని.

నేను మన విశాఖ అక్కయ్యపాలెంలో 18 ఏళ్లుగా పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తున్నాను. ఆల్బమ్‌తో పాటు టీవీలో చూసుకోవడానికి పెన్‌డ్రైవ్ కూడా ఇవ్వడం మొదలైనప్పటి నుంచి ఈ ఫిర్యాదు వింటూనే ఉన్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒకే ఒక్క ఫోటోతో పరీక్ష చేయండి. టీవీలో రాని ఫోటో ఒకటి తీసుకుని విండోస్‌లోని పెయింట్‌లో తెరవండి. ఏమీ మార్చకుండా సేవ్ యాజ్‌కు వెళ్లి జేపెగ్ పిక్చర్ ఎంచుకుని, వేరే పేరుతో పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. పెయింట్ రాసేది మామూలు బేస్‌లైన్ జేపెగ్. ఆ కాపీ టీవీలో కనిపిస్తే రోగం దొరికినట్టే. ఇది పరీక్షకు మాత్రమే, అన్ని ఫోటోలనూ పెయింట్‌తో మార్చకండి. క్వాలిటీ ఎంత ఉండాలో ఎంచుకునే వీలు అందులో లేదు.

పెయింట్ కాపీ కూడా రాకపోతే దాన్నే 1920 పిక్సెళ్లకు తగ్గించి మళ్లీ చూడండి. అప్పుడు వస్తే కారణం సైజు. రెండూ రాకపోతే కారణం ఫైలు పేరో, ఫోల్డరో, పెన్‌డ్రైవ్ ఫార్మాటో అయి ఉంటుంది, దాని సంగతి కింద రాశాను.

ఇప్పుడు అసలు కారణానికి వద్దాం. ఇది అర్థమైతే రేపు మరో టీవీ దగ్గర ఇదే ఇబ్బంది వచ్చినా మీరే సరిచేసుకోగలరు.

జేపెగ్ ప్రమాణం 1992లో వచ్చింది. బేస్‌లైన్, ప్రోగ్రెసివ్ అనే రెండు పద్ధతులూ మొదటి నుంచీ అందులోనే ఉన్నాయి. బేస్‌లైన్ అంటే చీర నేసినట్టు. పై అంచు నుంచి మొదలై వరుస తర్వాత వరుస పూర్తవుతూ కిందికి వస్తుంది. నేసేవాడికి చేతిలో ఉన్న వరుస చాలు. ప్రోగ్రెసివ్ అంటే వాకిట్లో ముగ్గు వేసినట్టు. ముందు వాకిలంతా చుక్కలు పెడతారు, తర్వాత గీతలు కలుపుతారు, ఆ తర్వాత రంగులు నింపుతారు. చివరి వరకూ వాకిలంతా ఖాళీగా ఉండాల్సిందే. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉన్న రోజుల్లో ఫోటో ముందు మసకగా కనిపించి తర్వాత స్పష్టమయ్యేది గుర్తుందా? ఆ సదుపాయం ఈ పద్ధతి వల్లే వచ్చింది. వెబ్‌సైట్లకు మంచిదే. టీవీకి మాత్రం భారం.

ఎంత భారమో లెక్క చూడండి. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫోటో 6000×4000 ఉంటుంది. దాన్ని ప్రోగ్రెసివ్‌గా విప్పాలంటే బొమ్మ మొత్తం లెక్కలు ఒకేసారి మెమరీలో పెట్టుకోవాలి. రంగుల వివరం సగానికి కుదించిన మామూలు ఫైలుకే దాదాపు 72 ఎంబీ, కుదించకుండా సేవ్ చేస్తే 144 ఎంబీ. లాప్‌టాప్‌కు అది లెక్కలోది కాదు. టీవీలో ఫోటోలు చూపించే భాగానికి కేటాయించిన మెమరీ చాలా తక్కువ, పైగా చాలా టీవీల్లో ఈ పని చేసే చిప్ బేస్‌లైన్‌ను దృష్టిలో పెట్టుకుని తయారైంది. ఎల్‌జీ టీవీల మాన్యువల్ తిరగేస్తే ఫోటోల పట్టికలో మామూలు జేపెగ్‌కు 15360×8640 వరకు, ప్రోగ్రెసివ్‌కు 1920×1440 వరకు మాత్రమే అని ఉంటుంది. తేడా ఎంతో గమనించండి! అందుకే మీ దగ్గర కొన్ని ఎడిటెడ్ ఫోటోలు వస్తున్నాయి, కొన్ని రావడం లేదు. చిన్నగా క్రాప్ చేసినవి ఆ పరిమితిలో ఇమిడిపోయి ఉంటాయి.

కెమెరాలు మాత్రం మామూలుగా బేస్‌లైన్‌లోనే రాస్తాయి. అందుకే ఎడిట్ చేయనివి హాయిగా వస్తున్నాయి. మీరు వెలుగు పెంచారా, మొటిమ తీశారా, వెనక ఉన్న కరెంటు తీగ చెరిపారా అన్నది టీవీకి అనవసరం. ఏమీ మార్చకుండా తెరిచి మళ్లీ సేవ్ చేసినా ఇదే జరిగేది.

సేవ్ చేసేటప్పుడు ఎక్కడ మార్చాలి?

ఫోటోషాప్‌లో జేపెగ్‌గా సేవ్ చేయగానే చిన్న పెట్టె వస్తుంది. క్వాలిటీ కింద మూడు ఎంపికలు ఉంటాయి: బేస్‌లైన్ స్టాండర్డ్, బేస్‌లైన్ ఆప్టిమైజ్డ్, ప్రోగ్రెసివ్. మొదటిది పెట్టండి. రెండోది కూడా చాలా టీవీల్లో వస్తుంది గానీ పాత టీవీల దగ్గర నేను నమ్మను. క్వాలిటీ 12లో 10 పెడితే చాలు. సేవ్ ఫర్ వెబ్ వాడే అలవాటుంటే అక్కడ ప్రోగ్రెసివ్ అనే టిక్ తీసేసి, కన్వర్ట్ టు ఎస్‌ఆర్‌జీబీ (తెరలకు మామూలుగా వాడే రంగుల ప్రమాణం) అనే టిక్ ఉంచండి.

మీరు గింప్ అనే ఉచిత ఎడిటింగ్ ప్రోగ్రామ్ వాడానని రాశారు కదా, నా అనుమానం అక్కడే మొదలైంది. గింప్ 2.10లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిస్తే ప్రోగ్రెసివ్ టిక్ ముందే పెట్టి ఉంటుంది. ఎవరూ దాన్ని తెరిచి చూడరు, చూడాల్సిన అవసరం ఉందని ఎవరూ చెప్పరు కూడా. ఆ టిక్ తీసేయండి. అక్కడే సబ్‌శాంప్లింగ్ (రంగుల వివరం ఎంత కుదించాలో చెప్పేది) 4:4:4 అని ఉంటే 4:2:0కి మార్చండి. టీవీలో మీ కంటికి తేడా తెలియదు, టీవీకి మాత్రం పని తేలికవుతుంది. థంబ్‌నెయిల్, ఎక్స్‌ఎంపీ సేవ్ చేసే టిక్కులు కూడా తీసేయండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఫైలు ముందు భాగంలో తమ వివరాలు బోలెడు చేరుస్తాయి, కొన్ని టీవీలు అక్కడే తికమకపడతాయి.

140 ఫోటోలను ఒక్కొక్కటీ మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయక్కర్లేదు. ఇర్ఫాన్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టుకోండి. కీబోర్డులో బీ నొక్కితే బ్యాచ్ కిటికీ వస్తుంది. అవుట్‌పుట్ జేపీజీ పెట్టి, పక్కనున్న ఆప్షన్స్‌లో ప్రోగ్రెసివ్ టిక్ లేకుండా చూసి, క్వాలిటీ 92 పెట్టండి. అడ్వాన్స్‌డ్‌లో పొడవు వైపు 3840 అని ఇచ్చి, చిన్న ఫోటోలను పెద్దవి చేయొద్దు అనే టిక్ పెట్టండి. 4కే టీవీ తెర వెడల్పే 3840 పిక్సెళ్లు. అంతకంటే పెద్ద ఫోటో ఇచ్చినా అది చూపించేది అంతే.

కొత్త కాపీలు కచ్చితంగా వేరే ఫోల్డర్‌లోకే వెళ్లాలి. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పాత ఫైళ్ల మీదే రాసేస్తే పెద్ద సైజు ఫోటోలు శాశ్వతంగా పోతాయి. రేపు నాన్నగారి ఫోటో పెద్ద ఫ్రేము కట్టించాలంటే 3840 కాపీ సరిపోకపోవచ్చు. అసలు ఫైళ్లను ఇంకో డిస్క్‌లో కూడా పెట్టి, ఆ తర్వాతే ఈ పని మొదలుపెట్టండి.

ఇక ప్రోగ్రెసివ్ కాని కారణాలు. మీ పాత ఫోటోల విషయంలో మొదటిది బాగా పనికొస్తుంది.

కొన్నేళ్ల కిందట కంచరపాలెం నుంచి ఒక పెద్దాయన వచ్చారు, పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. 1970ల నాటి తన పెళ్లి ఫోటోలు, బ్లాక్ అండ్ వైట్‌వి, పదకొండు తెచ్చారు. భార్య పోయి ఏడాది కావస్తోంది, సంవత్సరీకాల నాటికి టీవీలో పిల్లలందరికీ చూపించాలన్నారు. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి, పగుళ్లు, తేమ మరకలు తీసి, పది రోజులు కూర్చుని బాగుచేశాం. ఇంటికెళ్లి పెన్‌డ్రైవ్ పెడితే ఒక్కటీ రాలేదు. మర్నాడు పొద్దున్నే షాపు తెరవకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. ‘బాబూ, ఆవిడ ఫోటోలు పోయాయా?’ అని అడిగారు. ఆ గొంతు నాకు ఇప్పటికీ గుర్తే.

చూస్తే ఆ ఫైళ్లన్నీ బేస్‌లైన్‌లోనే ఉన్నాయి, సైజూ మామూలే. తేడా ఏమిటంటే వాటిని గ్రేస్కేల్‌లో సేవ్ చేశాం. అంటే ఫైలులో రంగుల వివరాలే లేవు, నలుపు తెలుపుల వివరం ఒక్కటే ఉంది. ఆయన టీవీ మూడు భాగాల రంగు ఫైలు కోసం చూస్తోంది. ఫోటోషాప్‌లో ఇమేజ్, మోడ్‌లోకి వెళ్లి ఆర్‌జీబీ కలర్ అని మార్చి మళ్లీ సేవ్ చేశాం. చూడటానికి అదే నలుపు తెలుపు, టీవీలో మాత్రం పదకొండూ వచ్చాయి. ఆయన వెంట నేనే వెళ్లి పెట్టి వచ్చాను. మీ తాతగారి కాలం నాటి ఫోటోలు స్కాన్ చేసి గ్రేస్కేల్‌లో ఉంచారేమో ఒకసారి చూడండి.

సీఎంవైకే కూడా ఇలాంటిదే. ఫ్లెక్సీకో శుభలేఖకో ప్రింటింగ్ ప్రెస్‌వాళ్లు పంపిన ఫైలు నాలుగు సిరా రంగుల లెక్కలో ఉంటుంది. తెరకు కావలసింది ఆర్‌జీబీ. సీఎంవైకే జేపెగ్ టీవీలో అసలు రాకపోవచ్చు, వస్తే నెగెటివ్‌లా తిరగబడిన రంగులతో రావచ్చు. షష్టిపూర్తి ఆహ్వానపత్రిక బొమ్మను మొదటి స్లయిడ్‌గా పెట్టాలనుకుంటే దాని మోడ్ ముందే చూసుకోండి.

ఫోటో వస్తుంది గానీ రంగులు పాలిపోయి ఉంటే ఆ ఫైలు ఎస్‌ఆర్‌జీబీ కంటే విస్తారమైన రంగుల ప్రొఫైళ్లయిన అడోబ్ ఆర్‌జీబీలోనో ప్రోఫోటో ఆర్‌జీబీలోనో ఉందని అర్థం. చాలా టీవీలు ఆ ప్రొఫైల్ చదవవు, అన్నీ ఎస్‌ఆర్‌జీబీ అనుకుంటాయి. పట్టుచీర ఎరుపు ఇటుక రంగులో కనిపిస్తే అదే కారణం. ఎస్‌ఆర్‌జీబీకి ‘కన్వర్ట్’ చేయండి. పక్కనే ఉండే ‘అసైన్’ వేరు, దానివల్ల రంగులు సరికావు.

ఆల్బమ్ షీట్ల సంగతి కూడా చెప్పాలి. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో 10800×3600 పిక్సెళ్లు వస్తుంది. చాలామంది స్టూడియో నుంచి ఆ షీట్లే అడిగి తెచ్చుకుని నేరుగా టీవీలో పెడతారు. కొన్ని టీవీలు వాటిని తెరవవు. తెరిచినా పైనా కిందా నల్లపట్టీలతో మధ్యలో అడ్డపట్టీలా కనిపిస్తాయి. షీట్లు కాకుండా విడి ఫోటోలు అడగండి.

ఐఫోన్ ఫోటోలుంటే ఇంకో చిక్కు. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్ ఫోటోలు హెచ్‌ఈఐసీ ఫార్మాట్‌లో వస్తున్నాయి. పేరు చివర జేపీజీ అని మార్చినంత మాత్రాన అది జేపెగ్ అయిపోదు, లోపలి సరుకు అదే. ఇర్ఫాన్‌వ్యూలాంటి దానితో నిజంగా మార్చాలి. ఇకపై తీసేవాటికి ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ పెట్టండి. కేబుల్‌తో కాపీ చేస్తే ఏఏఈ అనే చిన్న ఫైళ్లు కూడా వస్తాయి. అవి ఫోటోలు కావు, ఫోన్‌లో మీరు చేసిన మార్పుల వివరాలు మాత్రమే. నెట్ నుంచి దింపుకున్న వెబ్‌పీ బొమ్మలకూ మార్చాల్సిందే.

అమెరికా నుంచి సంక్రాంతికి వచ్చిన ఒక అబ్బాయి తన మ్యాక్ నుంచి కాపీ చేసిన పెన్‌డ్రైవ్ తెచ్చాడు. టీవీలో ప్రతి ఫోటోకు ముందు ఒక రాని ఫోటో ఉందన్నాడు. 300 ఫోటోలకు 600 కనిపిస్తున్నాయి. నిజానికి అవి మ్యాక్ తన వివరాల కోసం రాసుకునే దాపుడు ఫైళ్లు. పేరు ముందు చుక్క, అండర్‌స్కోర్ ఉంటాయి, ఒక్కోటి 4 కేబీ ఉంటుంది. విండోస్‌లో హిడెన్ ఫైళ్లు కనిపించేలా పెట్టి వాటిని తీసేశాక అంతా సరిపోయింది. మీ ఇంట్లో ఎవరైనా మ్యాక్ నుంచి కాపీ చేసి ఇచ్చారా? గుర్తు చేసుకోండి.

పెన్‌డ్రైవ్ ఫార్మాట్ ఫ్యాట్32 అయితే మేలు, దాదాపు అన్ని టీవీలూ చదువుతాయి. ఫైలు పేర్లు తెలుగులో పెడితే కొన్ని టీవీల్లో డబ్బాలు కనిపిస్తాయి, కొన్నిట్లో ఫైలే తెరుచుకోదు. టీవీ పేర్ల వరుసలోనే చూపిస్తుంది కాబట్టి 001, 002 అని అంకెలు పెట్టండి. 1, 2 అని పెడితే కొన్ని టీవీలు 1 తర్వాత 10 చూపిస్తాయి. నాన్నగారి చిన్ననాటి ఫోటో తర్వాత ఒక్కసారిగా మనవడి బారసాల వస్తే బాగుండదు కదా. ఒకే ఫోల్డర్‌లో పెట్టండి, ఫోల్డర్‌లో ఫోల్డర్ వద్దు.

మార్చిన ఫైళ్లు పెట్టాక కూడా టీవీ పాత తప్పే చూపిస్తుంటే ఫోల్డర్ పేరు మార్చి చూడండి. కొన్ని టీవీలు ఒకసారి చదివిన చిన్నబొమ్మల జాబితాను దాచుకుని మళ్లీ అదే చూపిస్తాయి. పేరు మారితే కొత్తగా చదువుతాయి.

మన ఊరి గాలి గురించి కూడా ఒక మాట. మీది సముద్రానికి దగ్గరి ఇల్లయితే ఉప్పుగాలికి టీవీ వెనక యూఎస్‌బీ పోర్టుల్లో తుప్పు పడుతుంది. ఫోటో సగం వరకు వచ్చి ఆగిపోవడం, ఒకసారి వచ్చిన ఫోటోనే ఇంకోసారి రాకపోవడం లాంటివి ఉంటే ఫార్మాట్‌ను అనుమానించకండి, పక్క పోర్టులో పెట్టి చూడండి. మీరు చెప్పిన లక్షణాలు మాత్రం ఇవి కావు. మీకు రానివి ప్రతిసారీ అవే.

ఆదివారం ఫంక్షన్ హాల్లో వేరే టీవీయో ఎల్‌ఈడీ తెరో ఉంటుంది. ఇంటి టీవీలో వచ్చినవి అక్కడా వస్తాయని అనుకోవద్దు. లాప్‌టాప్, దాని చార్జర్, పది మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ దగ్గర ఉంచుకోండి. హెచ్‌డీఎంఐలో పెడితే ఫోటోను విప్పేది లాప్‌టాప్, టీవీ తెర మాత్రమే అవుతుంది, కాబట్టి ఈ ఫార్మాట్ గొడవేదీ ఉండదు. వీలైతే శనివారం సాయంత్రమే వెళ్లి పెన్‌డ్రైవ్ పెట్టి మొదటి నుంచి చివరి దాకా ఒకసారి తిప్పి చూడండి.

ఇవన్నీ చేసినా రాని ఫోటోలు మిగిలితే వాటిలో ఒకదాన్ని ఇర్ఫాన్‌వ్యూలో తెరిచి ఐ నొక్కండి. పిక్సెళ్ల సైజు, కంప్రెషన్ వరుసలో ఏముంది, రంగుల సంఖ్య ఎంత, ఈ మూడూ ఇక్కడ రాయండి. టీవీ ఏ సంవత్సరానిదో కూడా చెప్పండి. రాత్రి తొమ్మిది తర్వాత నేను రోజూ చూస్తాను, ఆదివారంలోపు తప్పకుండా సరిచేద్దాం. నాన్నగారికీ అమ్మగారికీ నా నమస్కారాలు చెప్పండి.